ఊరి బడి, తల్లిదండ్రుల వోటు

శాసనసభకు, లోక్‌సభకు ఎన్నికలు వచ్చినప్పుడు మన ఊళ్ళలో పందిళ్ళు వేస్తారు, గోడలకు రంగులు పూస్తారు, రచ్చబండ మీద పొద్దుపోయేవరకు చర్చలు సాగుతాయి. అదే ఊరిలో, వీధి చివరనున్న ప్రాథమిక పాఠశాలలో, మరియొక ఎన్నిక జరుగుతుంది. దానికి పందిరి లేదు, ఊరేగింపు లేదు. అభ్యర్థులు, వోటర్లు అందరూ ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులే. 2024 ఆగస్టు 8వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీలను ఈ విధంగానే ఎన్నుకొన్నారు. అటువంటి ఎన్నిక ఒకటున్నదని ఎరుగనివారు విద్యావంతులలో సైతం ఎందరో ఉన్నారు.

ఊరి బడి నిలవడానికి మూడు కావాలి: దానికయ్యే ధనం, దానిని గూర్చి నిర్ణయించే అధికారం, దానిపై ఊరివారి శ్రద్ధ. ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడే బడి బాగుపడుతుంది. ఏ ఒక్కటి విడిపోయినా తక్కిన రెండూ నీరసిస్తాయి. ఇది ఊహించి చెప్పే మాట కాదు. మన గోదావరి సీమలోనే సుమారు నూట డెబ్బది సంవత్సరాల క్రితం మొదలైన ఒక ప్రయత్నం ఈ సత్యాన్ని బోధిస్తున్నది. ఆ చరిత్రను తెలిసికొని, నేటి చట్టాన్ని పరిశీలించి, ఈ ఎన్నికలో నిలబడే తల్లి గాని తండ్రి గాని ఏమి చేయగలరో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శిస్తుతోపాటు బడిపన్ను

ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో ముగిసింది. కాలువల నీరు పారిన పల్లెలలో పంట స్థిరపడింది, రైతు చేతిలో నాలుగు రూపాయలు మిగిలే రోజులు వచ్చాయి. ఆ దశకంలోనే రాజమండ్రి జిల్లాలో సబ్ కలెక్టరుగా పనిచేసిన జి. ఎన్. టేలర్ నరసాపురంలో ఒక పాఠశాలను నెలకొల్పి, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలకు దానిని విస్తరింపజేశాడు. వాటిని చూచిన చుట్టుప్రక్కల గ్రామాల రైతులు తమ ఊళ్ళకు కూడా బడులు కావాలని కోరి, భూమిశిస్తుతో పాటు కొంత సొమ్ము అదనంగా చెల్లించడానికి ఒప్పుకొన్నారు. మద్రాసు ప్రభుత్వం ఈ ఏర్పాటును అంగీకరించింది. ఆ బడులనే విద్యాచరిత్రలో గోదావరి జిల్లా రేటు పాఠశాలలంటారు.

ఊరివారు తమ మీద తామే పన్ను వేసికొని బడి పెట్టుకొనడం ఆ కాలానికి అపూర్వమైన విషయం. అయితే దానిలో ఒక చిక్కు ఉన్నది. ఒప్పుకొన్న రైతు మరుసటి సంవత్సరం చెల్లించనంటే వసూలు చేయడానికి చట్టం లేదు. ఆ లోటు తీర్చడానికే 1863లో మద్రాసు విద్యాచట్టం వచ్చింది. బడి కోరిన ఊరు తనపై పన్ను విధించుకొనవచ్చుననీ, ఆ బడి పాలనను కమిషనర్లు చూడవలెననీ ఆ చట్టం చెప్పింది. ఇంగ్లండులో పాఠశాల బోర్డులకు జన్మనిచ్చిన చట్టం 1870 నాటిది. అంటే స్థానికపు పన్నుతో స్థానికమైన బడి అన్న భావానికి చట్టరూపం అక్కడికంటె ఏడేళ్ళ ముందే గోదావరి రైతుల కారణంగా ఇక్కడ లభించిందన్నమాట.

కాని ఆ చట్టం ఆశించిన ఫలమివ్వలేదు. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చి, సెస్సు అందరికీ తప్పనిసరి అయింది. దానిని ఖర్చుపెట్టే బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు, సభ్యులు ప్రభుత్వం నియమించినవారు. ఊరు కోరి ఇచ్చిన సొమ్ము, ఊరు తప్పించుకోలేని పన్నుగా మారింది. మొదట ఒప్పుకొన్నప్పుడు సైతం రైతు తన ఇష్టంతోనే ఒప్పుకొన్నాడా, సర్కారు కొలువులో ఉన్నవారి మాట త్రోసివేయలేక తల ఊపాడా అన్న సందేహం చరిత్ర చదివేవారికి కలుగక మానదు. ఏమైనా, ఒక్క సంగతి మాత్రం స్పష్టం. ధనం ఊరిది, అధికారం కచేరీది అయినచోట శ్రద్ధ ఎక్కువకాలం నిలువదు.

బోర్డుల కాలం

1882లో హంటర్ కమిషన్ ప్రాథమిక విద్యను స్థానిక సంస్థలకు అప్పగించాలని సూచించింది. 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చి, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం జిల్లా విద్యా మండలులను కల్పించింది. బోర్డు బడి అన్న మాట మన తాతల నోట వినిపించేది ఆ కాలపు జ్ఞాపకంగానే. అయితే ఆనాటి వోటు ఆస్తికి, పన్నుకు ముడిపడి ఉండేది. తన బిడ్డను బడికి పంపిన కూలివాడికి, చేనేత పనివాడికి, బండి తోలుకొనేవాడికి ఆ బడిని గూర్చి మాట్లాడే హక్కు లేదు.

ఇంగ్లండులోని బోర్డులలో ఒక విశేషమున్నది. 1870 చట్టం క్రింద స్త్రీలు కూడా పోటీ చేయడానికి వీలుండెను. ఆ సంవత్సరమే లండన్ బోర్డుకు ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ అను ఇరువురు స్త్రీలు ఎన్నికైనారు. పార్లమెంటుకు వోటు వేసే హక్కు అక్కడి స్త్రీలకు దక్కింది 1918లో. అంతకు ఎన్నో ఏండ్ల ముందే బడి పాలనలో వారి మాట చెల్లింది. మన సీమలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల స్థాపించారు. బాలికలు చదువుకొనడమే వింతయైన ఆ రోజులలో, వారి తల్లులు బడి వ్యవహారాలు నిర్ణయించడమన్నది ఊహకు కూడా అందని విషయం.

స్వాతంత్ర్యానంతరం 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి, గ్రామీణ ప్రాంతపు పాఠశాలలు వాటి క్రిందికి వచ్చాయి. 1986లో సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని నేటికీ బడి గోడమీద కనిపించే పేర్లు ఈ చరిత్ర వదలిన గుర్తులు. వయోజనులందరికీ వోటు వచ్చింది. ఐనను ఆ వోటు రోడ్లకు, కాలువలకు, దీపాలకు, బడికి అన్నిటికీ కలిపి వేసే వోటు. బడికొక ప్రత్యేకమైన వోటు 1998 నాటి ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్య (సామాజిక భాగస్వామ్య) చట్టంతో వచ్చింది. విద్యా కమిటీ అన్న మాట పల్లెలలో వాడుకలోకి వచ్చింది ఆ తరువాతనే.

నేటి చట్టం ఇచ్చిన పీఠం

2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పాఠశాలలో యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని కావాలి. సగంమంది స్త్రీలై ఉండాలి. వెనుకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యననుసరించి స్థానం ఉండాలి. మన రాష్ట్రపు నిబంధనల ప్రకారం తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకొంటారు. అనగా ఐదు తరగతుల బడిలో పదిహేనుగురు. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు తల్లిదండ్రులవే. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరుగా ఉంటాడు. పదవీకాలం రెండు సంవత్సరాలు.

కమిటీ విధులను చట్టం స్పష్టంగా పేర్కొన్నది: బడి పనితీరును కనిపెట్టి ఉండడం, బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేసి సిఫారసు చేయడం, వచ్చిన నిధులు ఎట్లు ఖర్చయినవో చూడడం. మూడేళ్ళకొక ప్రణాళిక, దానిలో ఏడాదికొకటి చొప్పున మూడు ఉపప్రణాళికలు ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం గాని స్థానిక సంస్థ గాని ఇచ్చే నిధులకు ఈ ప్రణాళికయే ఆధారం.

అమెరికాలో చాలచోట్ల ఎన్నికైన పాఠశాల బోర్డు బడ్జెటును ఆమోదిస్తుంది, ఆ ప్రాంతపు పాఠశాలల ప్రధానాధికారిని నియమిస్తుంది. మన కమిటీకి అంతటి అధికారం లేదు. ఉపాధ్యాయుని నియమించలేదు, బదిలీ చేయలేదు, పన్ను వేయలేదు. కాబట్టి కొత్త ఉపాధ్యాయుని తెస్తానని వాగ్దానం చేసే అభ్యర్థి చట్టం ఎరుగనివాడు. అడిగి, లెక్క చూచి, వ్రాసి, పై అధికారికి పంపి, సమాధానం వచ్చేవరకు విడువకుండుటయే ఈ పదవిలోని అసలు శక్తి. అది చిన్నదిగా కనిపించవచ్చు. ఆ మాత్రం పని కూడా జరగని బడులలో దాని విలువ పెద్దది.

ఉర్దూ పాఠశాలల సంగతి

మన కళాశాలలోని విద్యార్థులకు ఈ విషయం ప్రత్యేకంగా తెలియవలసి ఉన్నది. రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించడానికి ప్రయత్నించవలెనని రాష్ట్రాలను ఆదేశించింది. ఈ రెండింటినీ కలిపి తికమకపడేవారున్నారు.

అల్పసంఖ్యాకులు స్థాపించిన ఎయిడెడ్ పాఠశాలలలో యాజమాన్య కమిటీ సలహా మాత్రమే ఇవ్వవలెనని 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించారు. 2014 మేలో సుప్రీంకోర్టు ప్రమతి ట్రస్టు కేసులో, ఎయిడ్ ఉన్నా లేకున్నా అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఆ చట్టమే వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనం పరిశీలన కోసం నివేదించింది. ఇదంతా అల్పసంఖ్యాక సంస్థలు నడిపే బడులకు సంబంధించిన చర్చ.

ప్రభుత్వం గాని, మండల పరిషత్తు గాని, పురపాలక సంఘం గాని నడిపే ఉర్దూ మాధ్యమ పాఠశాల ఆ కోవలోనిది కాదు. బోధించే భాష ఉర్దూ అయినంతమాత్రాన అది అల్పసంఖ్యాకుల సంస్థ కాజాలదు. అది అందరివలెనే ప్రభుత్వ పాఠశాల. అక్కడి తల్లిదండ్రులకు సంపూర్ణమైన కమిటీ, సంపూర్ణమైన వోటు, సంపూర్ణమైన విధులు ఉన్నాయి. మన బడి కదా, పెద్దలు చూచుకొంటారని ఊరుకొనేవారు తమ చేతనున్న హక్కును తామే జారవిడుచుకొంటున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రానికి రెండవ అధికార భాషగా గుర్తిస్తూ చట్టసవరణ చేసింది. మంచిదే. కాని ఒకటవ తరగతిలో అలిఫ్, బే దిద్దే పిల్లలు లేనప్పుడు అధికార భాష అన్న గౌరవం కాగితం మీదనే ఉండిపోతుంది.

అభ్యర్థి తెలిసికొనవలసినవి

నిలబడదలచిన తల్లి గాని తండ్రి గాని ముందుగా నాలుగు విషయాలు తెలిసికొనడం అవసరం.

మొదటిది పిల్లల లెక్క. విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు ఉండాలి. అంటే 60 మంది ఉన్న బడిలో ఒక్క బిడ్డ అదనంగా చేరితే మూడవ ఉపాధ్యాయుని అడిగే హక్కు పుడుతుంది. ఒక్క బిడ్డ తగ్గినా ఆ హక్కు పోతుంది. వీధిలో బడి మానిన పిల్లలెవరో, దూరపు ప్రైవేటు బడికి పోయినవారెవరో తల్లులకు తెలిసినట్లు ఏ అధికారికీ తెలియదు. వేసవిలోనే నాలుగిళ్ళు తిరిగి పిల్లలను చేర్పించిన సభ్యురాలు, ఆఫీసుకు పది అర్జీలు పెట్టినవారికంటె ఎక్కువ మేలు చేసినట్లు.

రెండవది డబ్బు లెక్క. సమగ్ర శిక్షా పథకం నియమావళిలో పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 31 నుండి 100 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 25 వేల రూపాయలు, 101 నుండి 250 వరకు 50 వేలు దాని పరిమాణం. ఎంత మంజూరైనది, ఎప్పుడు వచ్చినది, దేనికి ఖర్చయినది అని సమావేశంలో అడగడం ఎవరినీ అవమానించడం కాదు. లెక్క అడిగేవారున్నప్పుడు నిజాయితీపరుడైన ప్రధానోపాధ్యాయునికి కూడా రక్షణ ఉంటుంది. గ్రాంటు ఆలస్యమై, సుద్దముక్కలకు, చీపుళ్ళకు తన జేబులోని సొమ్ము పెట్టుకొన్న పంతులు గారి పక్షాన మాట్లాడవలసినది కూడా ఈ కమిటీయే.

మూడవది అన్నం, నీరు, మరుగుదొడ్డి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో దేశమంతటా బడులలో వండిన భోజనం పెట్టడం ప్రారంభమైంది. మన రాష్ట్రంలో 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలిగొన్న వారికి వేళగాని వేళ సైతం వండి వడ్డించిన ఆ మహాతల్లి ఈ కోనసీమ ఆడపడుచే. ఆమె పేరు పెట్టిన పథకంలో పప్పు నీళ్ళగా ఉన్నదా, గుడ్డు వేళకు అందినదా అని చూడడం కమిటీలోని తల్లుల పని. బాలికలకు వేరుగా మరుగుదొడ్డి ఉండడం చట్టపు షెడ్యూలులోని నియమం. తలుపు లేని దొడ్డి ఉన్నదనిపించుకొనడం ఆ నియమాన్ని పాటించడం కాదు. పై తరగతులలో ఆడపిల్ల చదువు మానడానికి గల కారణాలలో ఇదొకటని ఏ తల్లినడిగినా చెబుతుంది.

నాలుగవది దూరం. 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలలో విలీనం చేయడం, 2022 నాటి 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం ఉపాధ్యాయ పోస్టులను సర్దడం తల్లిదండ్రులలో ఎంతో ఆందోళనకు కారణమైనాయి. ఆ ఉత్తర్వు 2025లో రద్దై, దాని స్థానంలో వేరు ఉత్తర్వులు వచ్చాయి. ఉత్తర్వులు మారుతూనే ఉంటాయి. ఎనిమిదేండ్ల పిల్ల కాలువ గట్టు వెంబడి, లారీలు తిరిగే రోడ్డు దాటి బడికి పోవలసి వస్తే ఆ సంగతి తీర్మానంగా వ్రాయబడి, తేదీతో, సంతకాలతో పై కచేరీకి చేరాలి. నోటిమాటగా చెప్పిన బాధ గాలిలో కలుస్తుంది. తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిన బాధకు ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది.

సంతకం, దాని అర్థం

ఇన్ని చెప్పినా ఒక పెద్ద అడ్డంకి మిగిలే ఉన్నది. ఎన్నికైన తల్లి సమావేశానికి వస్తుంది. తీర్మానం తెలుగులో వ్రాసి ఉంటుంది. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చును, తెలుగు మాట్లాడడం వచ్చును. తెలుగు చదవడం రాదు. మరియొక తల్లికి ఏ లిపీ రాదు, వేలిముద్ర వేస్తుంది. ఏమి వ్రాశారని అడగడానికి బిడియం. అడిగితే ఏమనుకొంటారోనన్న జంకు. చట్టం ఆమెకు సగం స్థానాలలో వాటా ఇచ్చింది గాని, కాగితం మీది అక్షరం ఆమెను గడప బయటనే నిలబెట్టింది. ఇటువంటి చోట అధికారం ఆమెది, నిర్ణయం వేరొకరిది. నాడు రేటు పాఠశాలల రైతు సొమ్మిచ్చి మాట కోల్పోయినాడు. నేటి తల్లి సంతకమిచ్చి మాట కోల్పోతున్నది.

ఈ లోటు తీర్చడానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. రెండు భాషలూ, రెండు లిపులూ నేర్చిన యువకులు, యువతులు మన తరగతులలోనే ఉన్నారు. వారి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ ప్రభుత్వ పాఠశాలలలోనే చదువుతున్నారు. నెలకొక పూట అమ్మ ప్రక్కన కూర్చొని తీర్మానం చదివి వినిపించడం, సంతకానికి ముందు ప్రతి వాక్యం అర్థం చెప్పడం, ఆమె చెప్పిన మాటను తెలుగులో వ్రాసి చేతికివ్వడం డిగ్రీ విద్యార్థికి భారమైన పని కాదు. పిల్లల లెక్క తీయడంలో, ప్రణాళిక కాగితం పూర్తిచేయడంలో కూడా మన చదువు అక్కరకు వస్తుంది. అయితే మాట ఆమెదిగానే ఉండాలి. చదువుకొన్న కొడుకు తల్లి తరఫున తానే మాట్లాడడం మొదలుపెడితే ఒక పెత్తనం పోయి మరొక పెత్తనం వచ్చినట్లే.

తీరిక లేని కూలిజనం సమావేశాలకు ఎట్లు వస్తారని కొందరంటారు. ఆ ఆక్షేపణలో నిజమున్నది. వరినాట్ల రోజులలో పగటిపూట సమావేశం పెట్టి, ఎవరూ రాలేదని వ్రాసికొనడం న్యాయం కాదు. పనివేళ ముగిసిన పిదప సమావేశం పెట్టవలెనన్నదే కమిటీ మొదటి తీర్మానం కావచ్చును. బడిలోకి రాజకీయాలు వస్తాయని మరికొందరి భయం. పార్టీ జెండా బడి గేటు దాటకూడదన్నది నిజమే. కాని తల్లిదండ్రులు తప్పుకొన్నంతలో రాజకీయాలు తప్పుకొనవు; ఖాళీగా ఉన్న కుర్చీలోనే అవి ముందుగా వచ్చి కూర్చుంటాయి.

మన పూర్వులు శిస్తుతోపాటు బడికి సొమ్ము చెల్లించారు. వారికి దక్కని వోటు నేటి కూలితల్లికి దక్కింది. మీ వీధిలోని బడికి మరల ఎన్నిక వచ్చినప్పుడు ఇంటిలో ఒకమాట అడగండి: అమ్మా, నీవెందుకు నిలబడకూడదు? ఆమె సందేహిస్తే ఈ చట్టంలోని నాలుగు ముక్కలు ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించండి. ఆ బడి తరగతి గదిలో పిల్లలు ఎక్కువైనారో, తక్కువైనారో, వారికి పంతులు ఉన్నాడో లేడో అడిగే గొంతు ఇక ఆమెదే కావాలి.